మాస్టారి వేషం

“ఆ చెంచా చప్పుడు కాస్త ఆపుతావా, నాన్నా?”

“చక్కెర కరగాలి కదమ్మా.”

“ఎప్పుడో కరిగింది. ఇంకాసేపు తిప్పితే కప్పు కూడా కరిగిపోతుంది.”

ఆమె విసురుగా వెళ్ళి తండ్రి చేతిలో చెంచా లాక్కుంది. ఆయన కప్పు పక్కన పెట్టేసి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఇవాళ పోట్లాటకి చెంచా దొరికిందా మీ ఇద్దరికీ?” వంటింట్లోంచి అంది అమ్మ. “నిన్న కిటికీ, మొన్న కళ్ళజోడు పెట్టె. రేపటికి ఏదైనా మిగిల్చి ఉంచండి.”

ఆమెకి నవ్వు రాలేదు. ఎల్లుండే ప్రదర్శన. కొత్త నాటకం. పేరు ఒక్కటే మాట: ‘మళ్ళీ’.

ఆ మాట మాస్టారిది.

నాటక కళాశాలలో మొదటి రోజు ఆయన తలుపు దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు: “చెప్పులతో పాటు చుట్టరికాలు కూడా గుమ్మం బయటే వదిలి రండి. లోపల నటులు తప్ప ఎవరూ ఉండరు.” ఆ మాట క్లాసులో అందరికీ తెగ నచ్చింది. ఆమెకి కూడా.

కొన్నాళ్ళకి ఒక అభ్యాసం ఇచ్చాడు. చావు కబురు మోసుకుని ఒకమ్మాయి ఇంట్లోకి రావాలి. మాటలు లేవు. తలుపు తీసుకుని రావడం, అంతే. ఆమె వచ్చింది. మాస్టారు పెన్సిల్‌తో బల్ల అంచు మీద కొట్టి, “మళ్ళీ” అన్నాడు. మళ్ళీ వచ్చింది. “మళ్ళీ.” పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే వరస. ముందు జాలిపడ్డ క్లాసు తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. చివరికి ఆమె గొంతు జీరపోయింది.

“ఇంకెలా రమ్మంటారండీ?”

“ఇక రావద్దు. ఆ గొంతు వంటింట్లో వినిపిస్తే చాలు, స్టేజీకి పనికిరాదు. తలుపు వేసి వెళ్ళు.”

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళింది. అమ్మ అన్నం వడ్డించి, తినమని కళ్ళతోనే చెప్పింది. నాన్న పేపరులోంచి తల కూడా ఎత్తలేదు. ఏం జరిగిందని ఒక్క మాట అడగలేదు. ఆమె అది కూడా మరిచిపోలేదు.

ఆ తర్వాత ఊరూరా తిరిగే ఒక నాటక బృందంలో చేరింది. దుస్తులు ఇస్త్రీ చేసింది. తెర వెనక నిలబడి మాటలు అందించింది. ఒకనాడు నటికి జ్వరమొస్తే ఆ వేషంలో దూరింది, మరి బయటికి రాలేదు. తన గొంతుకి సరిపడే పాత్రలు ఎవరూ రాయడం లేదని తనే రాసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమె పేరు గోడ మీద కనిపిస్తే చాలు, హాలు నిండుతుంది.

ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నదంతా ఈ నాటకంలో కక్కింది. ఆఖరి రంగంలో ముసలి మాస్టారు చిన్న వేషం కోసం ఆ పాత శిష్యురాలి దగ్గరికే వస్తాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, “మళ్ళీ” అంటుంది. గుమ్మం ఎక్కీ దిగీ ఎక్కీ దిగీ ఆయన కాళ్ళు వణుకుతాయి. “తలుపు వేసి వెళ్ళండి.” దీపాలు ఆరిపోతాయి.

“మాస్టారు వస్తారంటావా?” అని ముందురోజే అడిగాడు ఆమె భర్త.

“ముందు వరుసలో నడిమి కుర్చీ. పాసు నా చేత్తో నేనే ఇచ్చాను. రాకపోతే జడిశాడంటారు. ఆ మాట పడే మనిషి కాడు.”

మధ్యాహ్నం కంచాలు పెడుతుంటే ఫోన్ మోగింది. మాస్టారి వేషం వేస్తున్న నటుడు స్నానాల గదిలో జారిపడ్డాడు. కాలు విరిగింది.

ఆమె అన్నం కెలుకుతూ కూర్చుంది.

“ఇంకెవరూ దొరకరా?” అంది అమ్మ.

“మాటలు అప్పజెప్పేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. ఆ దగ్గు, ఆ చూపు, ఆ ‘మళ్ళీ’ ఎవరు తెస్తారు? వీడికి నేర్పేసరికే నాలుగు నెలలు పట్టింది.”

“పోనీ వాయిదా వేసెయ్,” అన్నాడు భర్త.

“మళ్ళీ హాలు దొరికేది వచ్చే ఏడే. ఈలోగా మాస్టారు పోతే? ఖాళీ కుర్చీకి చూపించమంటారా నాటకం?”

“ఛ! అవేం మాటలే!” అమ్మ చేతిలో గరిటె గిన్నెలో పడింది.

నాన్న చెంచాతో కంచం అంచు మీద టక్కున కొట్టాడు.

“నేను వేస్తాను.”

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“మీ మోకాళ్ళు చూసుకునే అంటున్నారా?” అంది అమ్మ.

“నడిచేది గుమ్మం దాకానేగా.”

“ఎల్లుండికి మాటలెలా వస్తాయి?” తల ఎత్తకుండానే అడిగింది ఆమె.

“నాలుగు నెలలుగా నీ గది గోడ అవతలే పడుకుంటున్నాను. నీ మాటలు కూడా వచ్చు. మాస్టారివంటావా, అవి ఆ రోజు క్లాసులో నేనన్నవేగా.”

“ఆఖర్లో ఆయన్ని క్షమించను, నాన్నా. ఒక్క ముక్క మార్చను.”

“మార్చమన్నానా?”

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

“సరే, ఆ వేషం నాన్నకే ఇస్తున్నాను,” అని అందరికీ చెప్పి, ఆయన వైపు తిరిగింది.

“రేపు పొద్దున్నే రిహార్సల్, చెప్పులతో పాటు చుట్టరికం కూడా గుమ్మం బయటే వదిలి రండి, మాస్టారూ.”