జెడ్ మీద కూర్చున్న అక్షరం

పదింటి టెర్మిన్‌కి, అంటే అపాయింట్‌మెంట్‌కి, ఛాయాదేవి వెళ్లేసరికి, ఆమె ఫైళ్లు సరిచూసే రాకేష్ స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. హైడెల్‌బర్గ్‌లో ఆమె టైప్ చేసిన ఈజిప్టు పాత గ్రంథం అది. అందులో, ఈజిప్టు క్రైస్తవుల పాత భాష కాప్టిక్‌లోని ఒక అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఇంగ్లిష్ జెడ్ ఉంది.

“నా కంప్యూటర్లో బాగానే ఉందే! ఫాంట్‌లో ఆ అక్షరం లేదు. నేనే గీసి జెడ్ స్థానంలో పెట్టాను.”

“అందుకే మీ కంప్యూటర్లో తప్ప ఎక్కడా కనబడదక్కా. దానికి అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే సొంత యూనికోడ్ నంబరుంది, అది వాడాలి.”

“విజయవాడలో పద్దెనిమిదేళ్లు తెలుగు పుస్తకాలన్నీ ఇలాగే కంపోజ్ చేశాం.”

“అవి ఇప్పుడు తెరుచుకుంటున్నాయా?”

ఛాయాదేవి పంతం కొద్దీ, చనిపోయిన తల్లి రాయగా అప్పట్లో తానే కంపోజ్ చేసిన కథల ఫైలును మెయిల్లోంచి తీసి అక్కడే తెరిచింది. పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు. తెలుగు ముక్క ఒక్కటీ లేదు.

ఇద్దరూ కాసేపు దాన్ని చదువుతున్నట్టే చూశారు.

“ఈ కాప్టిక్ ఇళ్లలో మాట్లాడతారా?”

“పెద్దగా మాట్లాడరక్కా. చర్చి ప్రార్థనల్లోనే.”

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఆ నంబరేదో చెప్పు. ముందు వాళ్లది సరిచేద్దాం. తర్వాత మా అమ్మకో టెర్మిన్ ఇవ్వు.”