తిరగేసిన పైజామాలు

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి హైమవతికి డ్రైవింగ్ పరీక్ష. మూడోసారి.

మొదటిసారి ఆగమన్న చోట ఆగలేదు. రెండోసారి వెనక్కి రమ్మంటే రాలేదు.

ఈసారి ఆమె పాసవ్వాలని ఊళ్లో అందరికంటే ఎక్కువగా మొక్కుకుంటున్నవాడు ఆమె మొగుడు ఆంజనేయులు. పేరుకు తగ్గట్టే సముద్రం దాటి, ఈ మంచుదేశంలోని హాలిఫాక్స్ వచ్చి రెండేళ్లయింది. వచ్చిన రోజు నుంచీ మోస్తూనే ఉన్నాడు. ఎనిమిదేళ్ల మోక్షిత్‌ని హాకీకి, ఆరేళ్ల లోహిత్‌ని ఈతకి, వాళ్లమ్మని కూరగాయలకి. అసలు ఆంజనేయుడు కొండని మోసింది ఒక్కసారే. ఈయనకి వారానికి ఆరుసార్లు. శనివారం కూడా తెల్లవారుజామున ఐదింటికే లేవాలి. పెళ్లాం చేతికి లైసెన్సొస్తే తన మీదికి దుప్పటొస్తుందని ఆశ.

అందుకే రెండు నెలలుగా తనే కూర్చుని నేర్పాడు. ఆమె బ్రేకు ఫాస్టుగా వేసినప్పుడల్లా ఈయన తిన్న బ్రేక్‌ఫాస్టు గొంతులోకి వచ్చేది. అయినా ఓర్చుకున్నాడు.

"రేపు పాసవ్వకపోతే నా పేరు హైమవతే కాదు" అంది ఆమె రాత్రి భోజనాల దగ్గర, గోంగూర వడ్డిస్తూ. పేరులో హిమం ఉంది గానీ, మనిషి పుట్టింది రెంటచింతల ఎండల్లో.

"ముందుకైతే దూసుకుపోతావు తల్లీ, దానికి ఢోకా లేదు. నా భయమంతా రివర్సు గురించే."

"ఏందయ్యా నీ నస? ఆ రివర్సు సంగతి నే చూసుకుంటాగా!"

"రేపు మంచు పడకపోతే అదే పదివేలు. గట్టిగా పడిందా, పరీక్ష రద్దు. మళ్లీ తేదీ దొరకాలంటే ఏప్రిలే."

"రెండు సెంటీమీటర్లేనంటగా?"

"రేడియోలో అదే అన్నారు. రెండు సెంటీమీటర్లకి ఈ ఊళ్లో కుక్క కూడా బూట్లు తొడగదు."

భోజనాలయ్యాక పిల్లల్ని పడుకోబెట్టడానికి వాళ్ల గదిలోకి వెళ్లిన ఆంజనేయులు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరి పైజామాలూ తిరగేసి ఉన్నాయి. కుట్లు బయటికి, బొమ్మలు లోపలికి. మోక్షిత్ దిండు కింద నుంచి చెంచా కాడ తొంగి చూస్తోంది. లోహిత్ చేతిలో గిన్నె, గిన్నెలో ఐసు ముక్కలు.

"ఏందిరా ఈ వేషాలు?"

పెద్దాడు నోరు బిగించాడు. చిన్నాడికి నోరుంది గానీ బిగింపు లేదు.

"మంచు పడాలని నాన్నా! పైజామా తిరగేసుకోవాలి. దిండు కింద చెంచా పెట్టుకోవాలి. ఐసు ముక్కలు టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టాలి. అంతే, బడికి సెలవు!"

"వాగుడుకాయా! చెప్పొద్దన్నానా?" మోక్షిత్ తమ్ముణ్ణి గిల్లాడు. "రేపు లెక్కల టెస్టుంది నాన్నా. మా క్లాసులో అందరూ ఇదే చేస్తారు. పోయినేడు ఒలివర్ చేస్తే రెండ్రోజులు సెలవిచ్చారు."

ఆంజనేయులికి ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది.

"హైమా! ఇట్రా! నీ కొడుకులు బడికి చేతబడి చేస్తున్నారు!"

హైమవతి అట్లకాడతో వచ్చింది. సంగతంతా విని నడుముకి చెయ్యి ఆనించి నిలబడింది.

"రేపు నాకు పరీక్ష పెట్టుకుని మంచు కోరతార్రా? ఉన్నదున్నట్టు చెప్పండి. చెంచా స్టీలుదా, చెక్కదా?"

"ఏదైనా పర్లేదమ్మా."

"ఐసు ఎన్ని ముక్కలు?"

"ఎన్ని సెంటీమీటర్ల మంచు కావాలంటే అన్ని."

"మీరెన్ని తెచ్చారు?"

"పది."

"పదేనా?" హైమవతి కళ్లురిమింది. "తిరగెయ్యాల్సింది పైజామాలేనా? అబద్ధమాడారో, అట్లకాడ తిరగేస్తా!"

"పైజామాలే అని లేదమ్మా" అన్నాడు లోహిత్ బిక్కమొహంతో. "పడుకునేటప్పుడు ఏం వేసుకుంటే అది."

పోలీసు స్టేషన్లో ఉండాల్సిన మనిషి వంటింట్లో ఉండిపోయిందని ఆంజనేయులు మురిసిపోయాడు. తనైతే రెండు కేకలేసి ఊరుకునేవాడు. ఆమె మూలాల్లోకి వెళ్లింది.

ఇద్దరి చేతా పైజామాలు సరిగ్గా వేయించింది. చెంచాలు లాక్కుంది. ఐసు గిన్నె తీసుకుంది. దీపం ఆర్పి చరచరా వెళ్లిపోయింది. కాసేపటికి ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. ఆ తర్వాత ఎక్కడో నీళ్లు గలగలమన్నాయి. గిన్నె కూడా కడిగేస్తోంది కాబోలు, ఎంత శుభ్రమో అనుకుని ఆంజనేయులు నిశ్చింతగా నిద్రపోయాడు.

పొద్దున లేచేసరికి వీధిలో చప్పుడే లేదు. కర్టెన్ లాగాడు. వీధి లేదు. కారు ఉండాల్సిన చోట ఒక తెల్లటి దిబ్బ ఉంది. మోకాలి లోతు మంచు, ఇంకా పడుతూనే ఉంది.

ఫోన్లో రెండు సందేశాలు. ఒకటి, బడికి సెలవు. రెండోది, పరీక్ష రద్దు, తదుపరి తేదీ ఏప్రిల్ పందొమ్మిది.

ఆంజనేయులు పిల్లల గదిలోకి ఒక్క దూకు దూకి దుప్పట్లు లాగేశాడు. "మళ్లీ చేశారు కదరా, రాస్కెల్స్!"

పైజామాలు సరిగ్గానే ఉన్నాయి. దిండ్లు ఎత్తి చూశాడు. చెంచాల్లేవు.

"ఒట్టు నాన్నా!" మోక్షిత్ కళ్లు నులుముకున్నాడు. "మేమేం చెయ్యలా!"

"నిజంగా సెలవా?" అన్నాడు లోహిత్. "ఎలా వచ్చింది?"

ఆంజనేయులు వంటింట్లోకి నడిచాడు. ఏప్రిల్ దాకా మళ్లీ హాకీ, మళ్లీ ఈత, మళ్లీ ఐదింటికి లేవడం. తన బాధ సరే, పాపం ఈ పిచ్చిది ఎంత కుమిలిపోతోందో.

హైమవతి అటు తిరిగి స్టవ్ మీద ఉప్మా కలుపుతోంది.

"మన చేతుల్లో ఏముందిలేయ్యా" అంది గట్టిగా నిట్టూర్చి. "ఇయ్యాల పరీక్ష పెట్టుంటేనా, కళ్లు మూసుకుని పాసయ్యేదాన్ని!"

ఓదార్చడానికి వెనక నుంచి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయిన ఆంజనేయులికి, నైటీ మెడ దగ్గర కుట్లతో సహా బయటికి వేలాడుతున్న కంపెనీ చీటీ కనిపించింది.