చెంప చూపు

“నీ కండ్లు మంచిగనే ఉన్నయంటవ్?” అన్నాడు లింగమూర్తి పటేల్.

“నాకేమైంది పటేలా? మొన్ననే గద పోచయ్య బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించిన,” అన్నాడు వీరేశం, గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి.

ఆ పట్టా ఎక్కడం వెనక భార్య సత్తెమ్మ దగ్గులున్నాయి. ఇనుము ఎర్రబడితే ఒక దగ్గు, దెబ్బ పక్కకు పోతే రెండు. దసరా నుంచి వీరేశానికి లోకమంతా గంజినీళ్లలా తెల్లగా ఉంది. ఈ సంగతి రాయదుర్గంలో తెలిసిందా, తాతలనాటి ఊరి కొలిమి శేరిలింగంపల్లి కమ్మరి రాజయ్య చేతికి పోతుంది. పంటకు వచ్చే గింజలూ పోతాయి. ముప్పై ఏళ్లు నిప్పు ముందు కూర్చున్నవాడు ఈ వయసులో ఎవడి గుమ్మంలో నిలబడాలి?

పట్నం దవాఖానలో డాక్టరు నిమ్మళంగానే చెప్పాడు. “నిప్పులో కంటికి కనపడే వెలుగు కొంచెమే వీరేశం. ఎరుపు కన్నా పొడుగు అలలున్న వెలుగు ఇంకోటి ఉంది. దాన్ని కన్ను చూడలేదు, ఒళ్లు మాత్రం వేడిగా పట్టుకుంటుంది. రేడియో మాటల్ని మోసుకొచ్చే అలలు దానికి అన్నదమ్ములే. ఇనుము ఎర్రబడక ముందూ, ఎరుపు పోయాకా అది వస్తూనే ఉంటుంది. అదే నీ కంటిలోపలి అద్దాన్ని కోడిగుడ్డులా ఉడికించింది. లోపలి నరం కూడా పోయింది, కోసినా లాభం లేదు.”

వారం రోజులు ఏడ్చాడు వీరేశం. తర్వాత పంతం పట్టాడు. కళ్లను తిన్న వెలుగే కళ్లు కావాలి. నల్ల కమ్మి వేడిని జానెడు దూరం నుంచి చెంపతో పట్టడం నేర్చుకున్నాడు.

“మూడు కమ్మీలు పెట్టిస్తున్న,” అన్నాడు పటేల్. “ఒకటే కాలింది. నలుపెక్కినంకనే పెట్టమన్న, కండ్లకు మూడూ ఒక్క తీరే. ముట్టకుండ చెప్పు. సత్తెమ్మా, నువ్వు నోరు మెదపొద్దు.”

పోచయ్య పట్టకారుతో మూడింటినీ బండ మీద పెట్టిన చప్పుడైంది. వీరేశానికి లోలోపల నవ్వొచ్చింది. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. ఇంతకన్నా సులువైన పరీక్ష తనకెవడు పెడతాడు?

వంగాడు. మొదటిది చల్లన. రెండోదాని వేడి మూరెడు దూరం నుంచే చెంపను చరిచింది. ఎరుపు ఇప్పుడే పోయి ఉంటుందనుకున్నాడు. మర్యాదకు మూడోదాని మీదా వంగి, తీరిగ్గా లేచాడు.

“నడిమిది.”

వీరేశం తన చెంప తట్టి చూపాడు.

“కమ్మరోని చెంపకు తెలుస్తది పటేలా. నల్ల ఇనుముల దాగిన వేడి మీ కండ్లకు దొరకది.”

సత్తెమ్మ వెక్కిళ్లు వినిపించాయి.

“ఎందుకేడుస్తవే? గెలిచినం గద.”

“పోచయ్యా,” అన్నాడు పటేల్, గొంతు తగ్గించి, “రాజయ్యకు కబురు పంపు.”

“అదేంది పటేలా? నేను సరిగనే చెప్పిన గద,” అన్నాడు వీరేశం.

నడిమి కమ్మి ఇంకా ఎర్రగా మండుతోంది.