వింధ్య గొంతు

మైకు ముందు నిలబడగానే ఆమెకు దగ్గొచ్చింది.

"దగ్గుడు అయినంక చెప్పు ఆంటీ," అన్నాడు మోయిజ్, హెడ్‌ఫోన్ తీసి పక్కన పెడుతూ.

బాన్సువాడ బస్టాండు వెనక, మొబైల్ షాపు పైనున్న గది అది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి మోయిజ్, సుప్రజ దాన్ని స్టూడియో చేసుకున్నారు.

సుప్రజ కథలు రాస్తుంది. టీవీ సీరియల్లో అందరికీ తెలిసిన లాయర్ వింధ్యను తీసుకెళ్లి నిజాం కాలంలో నిలబెట్టింది. నిజాంసాగర్ కడుతుంటే మునిగిపోయే ఊళ్ల తరఫున వింధ్య వాదిస్తుంది. ఫోన్లో ఆ కథను వేలమంది చదువుతున్నారు. ఇప్పుడు దాన్ని ఆడియోగా చేయాలి. వింధ్యకు గొంతు కావాలని ఇన్‌స్టాలో పెట్టారు.

కాలేజీ అమ్మాయిలు వచ్చి వెళ్లారు. ఆఖర్న వచ్చింది రాజ్యం. యాభై దాటిన మనిషి. మెడచుట్టూ స్కార్ఫు. బీర్కూర్ దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో చెల్లెలింట్లో ఉంటోందట.

"వింధ్య తెలుసా ఆంటీ నీకు?" అడిగింది సుప్రజ.

"తెలుసమ్మా. బాగా తెలుసు."

"అందరికీ తెలుసు," మోయిజ్ నవ్వాడు.

"నేను ఇదివరకు హైదరాబాదులో..."

"అవన్నీ తర్వాత. ముందుగాల ఇది చదువు."

రాజ్యం కాగితం తీసుకుని మనసులో ఒకసారి చదువుకుంది. పక్కన పెట్టేసింది.

"ముంచదలుచుకుంటే ముంచండి. కానీ ముంచే ముందు మా ఊరి పేరు ఒక్కసారి మీ నోటితో పలకండి."

మొదటి మాటే బొంగురుపోయింది. మధ్యలో గొంతు విరిగింది. చివరి మాట మాత్రం గుండెకు తగిలేలా వచ్చింది.

సుప్రజ చటుక్కున తలెత్తింది.

అప్పటికే మోయిజ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అది చూసి సుప్రజ కూడా నవ్వేసింది.

"ఏంది ఆంటీ, వింధ్యకు జలుబు చేసినట్టున్నది?"

"గొంతు బాలేదు బాబూ. సోమవారం ఆపరేషను. ఈలోపలే చెప్పేద్దామని వచ్చాను."

"ఆపరేషన్ అయినంకనే రా మరి."

"అయ్యాక కుదరదు."

ఎందుకు కుదరదని ఇద్దరూ అడగలేదు.

మోయిజ్ ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "గిది విను. సీరియల్ క్లిప్పులన్నీ ఏసి ఏఐతోని చేసిన. వింధ్య అంటే గిట్లుంటది."

అవే మాటలు గదంతా పరుచుకున్నాయి. ఎక్కడా చిన్న జీర లేదు.

రాజ్యం టేబుల్ అంచు పట్టుకుంది.

"ఇంకోసారి పెడతావా బాబూ?"

పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. పెదవులు ఆ మాటలతో పాటే కదిలాయి. చెంపల మీద నీళ్లు కారాయి.

సుప్రజ నవ్వాపుకుంటూ అదంతా ఫోన్లో తీసింది.

"చూసినవా, నీకూ ఆమెకూ ఎంత ఫరక్ ఉన్నదో?" అన్నాడు మోయిజ్.

"ఉంది బాబూ," అంది రాజ్యం.

"ఇగ పో ఆంటీ. బస్సు దొరకది మళ్లా."

మెట్ల కమ్మీ పట్టుకుని ఆమె మెల్లగా దిగిపోయింది.

సాయంత్రానికల్లా రీల్ పెట్టారు. పైన 'గీ ఆంటీ వింధ్య అంట' అని రాశారు. బొంగురు గొంతు, కన్నీళ్లు, వెనక ఇద్దరి నవ్వు.

లక్షలమంది చూశారు.

'వింధ్యను చంపేసింది', 'కాకిని ఎక్కడ పట్టిన్రు', 'ఆంటీకి పిచ్చి ముదిరింది' అని కామెంట్లు.

"ఆమె చూస్తదేమో," అంది సుప్రజ.

"చూడనీ. మన కథకు ఎంతమంది కొత్తోళ్లు వచ్చిన్రో చూడు."

సుప్రజ చూసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొన్ని వారాలకు హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. సంపత్ అట, ఆ సీరియల్ సౌండ్ ఇంజనీరు. వీడియో చూశానని, వస్తున్నానని అన్నాడు.

తమ కథ సీరియల్ వాళ్లకు నచ్చిందనుకున్నారు. మోయిజ్ గది ఊడ్చాడు. సుప్రజ కొత్త డ్రెస్సు వేసుకుంది.

సంపత్ వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆమె ఎక్కడుంటది?"

"ఎవరు సార్?"

"వీడియోల ఉన్నామె. ఆ రోజు ఆమె చెప్పింది ఉన్నదా మీ దగ్గర? నవ్వుల్లేకుండ?"

"లేదు సార్," నసిగాడు మోయిజ్. "స్పేస్ లేదని డిలీట్ కొట్టిన. రీల్ ఒక్కటే ఉన్నది."

సంపత్ గుమ్మం వైపు తిరిగాడు.

"ఆమె ఇంటికి తీస్కపోండి నన్ను," అన్నాడు.

కాలువ పక్కన ఇల్లు. వసారాలో కూర్చుని రాజ్యం చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మెడకు తెల్లటి కట్టు.

సుప్రజనూ మోయిజ్‌నూ గుర్తుపట్టి నవ్వింది. కూర్చోమని చేయి చూపింది. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

"స్వరపేటిక తీసేశారమ్మా," అంది ఆమె చెల్లెలు. "ఇక మాట రాదన్నారు."

సుప్రజ చేతిలోని ఫోన్ వెనక దాచుకుంది.

"ఆపరేషనుకు ముందే ఎవరో అక్కకి ఆ వీడియో చూపించారు."

"ఏమన్నది?" అడిగింది సుప్రజ.

"ఏమీ అనలేదు. ఆపరేషన్ దాకా, ఉన్న ఆ నాలుగు రోజులూ, మాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు."

సంపత్ వసారాలో కిందనే కూర్చున్నాడు. రాజ్యం చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"సీరియల్ల కనిపించే హీరోయిన్‌కు తెలుగు రాదమ్మా," అన్నాడు సుప్రజ వైపు చూడకుండానే. "తొమ్మిదేండ్లు వింధ్యకు గొంతు ఇచ్చింది ఈమెనే."