అలుగు వెతకని మందు

అడవి గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే పొలుసుల అలుగుకి కొత్తగా వచ్చిన కంప్యూటరంటే గుండెదడ.

నేర్పడానికి వచ్చిన ఉడుత నవ్వి, "పాఠాలేం లేవత్తా. నీకిష్టమైంది వెతుక్కుంటూ ఆడుకో. తప్పు నొక్కినా కొంపలేం మునగవు," అంది.

అలుగు చీమల బొమ్మలు వెతికింది. పొరుగడవి పాటలు వెతికింది. భయం పోయి కిలకిలా నవ్వింది.

ఆ నవ్వు పైఅధికారి ఎలుగుబంటి చెవిన పడింది. "పనివేళ ఆటలా? ఇంకోసారి కంప్యూటర్ ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది!" అని ఉడుతను తరిమేసి, అలుగుకి ఎదురుగా కుర్చీ వేసుకుంది.

మర్నాడు కుందేలు ఏడుస్తూ వచ్చింది. "బిడ్డకి జ్వరమమ్మా. మందాకు ఏ అడవిలో దొరుకుతుందో కాస్త వెతికిపెట్టు."

అలుగు ఎలుగుబంటి మొహం చూసింది. కంప్యూటర్ వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకు రాదమ్మా," అంది.

కుందేలు ఆ మాట నమ్మి, దండం పెట్టి, వానలో వెళ్ళిపోయింది.