జేబుల ఆల్బం

మూడోసారికి సుబ్బరత్నమ్మ తలుపు సగం తెరిచింది.

“మళ్లీ వచ్చినావా? ఇచ్చేదేమీ లేదని చెప్తి కదా.”

“తాగను నీళ్లన్నా ఇయ్యి పెద్దమ్మా. అనంతపురం నుంచి సైకిలు తొక్కుకుంటా వచ్చినా,” అంది భారతి.

అది 2003 ఎండాకాలం. బుక్కరాయసముద్రం చెరువులో గొర్రెలు తిరుగుతున్నాయి. ఊళ్లోకి నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వస్తోంది. అయినా నీళ్లడిగిన మనిషిని గడప అవతల నిలబెట్టడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. సుబ్బరత్నమ్మ పక్కకు జరిగింది.

మొదటిసారి వచ్చినప్పుడే భారతి వచ్చిన పని చెప్పింది. తాను టౌనులో కుట్టుపని చేస్తానని, ఆశ్రిత గౌన్లు తానే కుడతానని, ఆ పాప కోసం ఒక ఆల్బం కుడుతున్నానని, అందులో పెట్టడానికి రేఖవి ఏమైనా ఉంటే కావాలని. రేఖ సుబ్బరత్నమ్మకు ఒక్కగానొక్క కూతురు. పచ్చకామెర్లతో పోయి రెండేళ్లయింది. అప్పటికి ఆమె కూతురు ఆశ్రితకు నాలుగేళ్లు. సుబ్బరత్నమ్మ ఆ రోజు అడిగింది ఒక్కటే, అల్లుడు పంపాడా అని. అతనికి ఈ సంగతే తెలియదని భారతి చెప్పినా, ఇచ్చేదేమీ లేదని తలుపు మూసేసింది. రెండోసారి ఇంట్లో ఉండి కూడా పలకలేదు.

నీళ్లు తాగి, చెంబు బోర్లించి, భారతి సంచిలోంచి ఆల్బం తీసి చాప మీద పెట్టింది. ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చు చెడిపోయి పారేసిన శుభలేఖల అట్టలతో చేసిందది. అట్ట మీద అట్ట పెట్టి, మూడు పక్కలా మిషను కుట్టు వేసి, పై పక్క వదిలేసింది. ప్రతి పేజీ ఒక జేబు. అంచున రంధ్రాలు పొడిచి నాడాతో కట్టింది. మొత్తం పన్నెండు జేబులు. అన్నీ ఖాళీ.

ఫోటోలు అంటించుకునే ఆల్బాలు బజార్లో దొరుకుతాయి కదా, ఈ తిప్పలు ఎందుకని అడిగింది సుబ్బరత్నమ్మ.

“అంటిస్తే చూసేదానికే పెద్దమ్మా. జేబయితే పాప చెయ్యి పెట్టి తీసుకుంటాది. వాళ్లమ్మ రాసిన కాగితం, కట్టుకున్న గుడ్డ చేత్తో పట్టుకుంటాది. మళ్లా పెట్టుకుంటాది.”

సుబ్బరత్నమ్మ మొదటి జేబులో వేళ్లు పెట్టి, లోపల ఏదో ఉన్నట్టు చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత లేచి మంచం కింద నుంచి రేకుపెట్టె లాక్కొచ్చింది.

పదో తరగతి హాల్ టికెట్టు, దాని మీద రెండు జడల రేఖ. నోటుపుస్తకంలో వేసుకున్న చుక్కల ముగ్గులు. లేపాక్షి బసవన్న ముందు ఎండకు కళ్లు చికిలించుకుని తీయించుకున్న ఫోటో. అడుగున ఒక పచ్చ ఓణీ. దాంట్లో చిన్న ముక్క కావాలని భారతి అడిగితే, కత్తెర పెట్టనివ్వనంది సుబ్బరత్నమ్మ. కాసేపటికి తానే కత్తెర అందుకుని కొంగు అంచున అరచేయంత కత్తిరించి ఇచ్చింది.

భారతి అంతటితో వదల్లేదు. ప్రతి వస్తువుకూ ఒక ప్రశ్న అడిగి, జవాబును చిన్న చీటీ మీద రాసి ఆ జేబులోనే పెట్టింది. సుబ్బరత్నమ్మ చెబుతూ పోయింది. ఉడకేసిన చెనక్కాయలు ఒళ్లో పోసుకుని ఇల్లంతా పొట్టు రాల్చేదని, ఉరుములంటే భయమే అయినా చినుకు పడితే ఇంట్లో నిలిచేది కాదని, ఎడమ చేత్తో రాస్తోందని అయ్యవారు కొట్టేవాడని.

“పాపది కూడా ఎడమ చెయ్యే,” అంది భారతి రాస్తూనే. “పలక మీద రాసింది రాసినట్టు మణికట్టుతో తుడిచేసుకుంటాది.”

సుబ్బరత్నమ్మ కళ్లు తుడుచుకుంది. ఏడాదిగా ఆమె మనవరాలిని చూడలేదు. అల్లుడు రెండో పెళ్లి మాట ఎత్తిన రోజే ఇక ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. పెళ్లికూతురు ఎవరో చెప్పబోయిన బంధువుల నోరు మూయించింది. పేరు కూడా విననంది.

“వచ్చే బేస్తవారం పెండ్లంట,” అంది. “ఆ వచ్చేది మొదట నా బిడ్డ ఫోటో గోడ మీద నుంచి దించుతాది. ఏడాది తిరిగేలోపల పాపకు వాళ్లమ్మ మొగం కూడా గుర్తుండదు.”

భారతి పెన్ను ఆగింది. తల వంచుకుని కొత్త చీటీ తీసుకుంది.

“నవ్వితే ఎట్లుండేది పెద్దమ్మా?”

సుబ్బరత్నమ్మ తడుముకుంటూ చెప్పింది. భారతి ఒక్క మాట కూడా విడవకుండా రాసుకుంది.

పొద్దు వాలేసరికి పదకొండు జేబులు నిండాయి. పన్నెండో జేబు అవ్వ మాట కోసమని, పాపకు ఏం చెప్పాలనుకుంటే అది చెప్పమని అడిగింది భారతి. సుబ్బరత్నమ్మకు చదువు రాదు. భారతి చేతిలోని చీటీ వైపు వేలు చూపించింది.

“అవ్వ ఈడ ఉండాదని రాయి. అంతే.”

భారతి ఆ మాట రాసి, మడిచి, జేబులో పెట్టి నాడా ముడి బిగించింది. సుబ్బరత్నమ్మ ఆల్బం అందుకుంది గానీ తిరిగి ఇవ్వలేదు. రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది.

“ఇది పాప చేతికే ఇయ్యల్ల. ఆ వచ్చేదాని కంట పడితే పొయ్యిలో పెడతాది. పడనీనని నాకు మాటియ్యి.”

భారతి ముందుకు జరిగి, ఆల్బంతో సహా ఆ చేతులు పట్టుకుంది.

“ఆ వచ్చేదాన్ని నేనేనమ్మా.”