ఇంకో అంతస్తు

"మళ్ళీ మార్చేశాడమ్మా, దిక్కుమాలినవాడు!"

సూదులు గుచ్చిన ఎడమచెయ్యి కదపకుండా, కుడిచేతిలోని ఫోన్ని టెక్నీషియన్ అమ్మాయి ముఖానికి అడ్డం పెట్టాడు కండక్టరు. రిటైరై చాలాకాలమైనా డయాలసిస్ వార్డులో అందరికీ ఆయన కండక్టరే.

"ఏం మార్చాడు బాబాయ్?" ఆ అమ్మాయి రక్తం గొట్టాలు సరిచూస్తూ అడిగింది.

"రొట్టెలు తగ్గించాడు. ఇదివరకు ఒక రొట్టె తింటే రెండంతస్తులు హాయిగా దిగేవాణ్ణి. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే చాలు, ఆకలి. వాడికి ఇంట్లో అన్నం పెట్టరనుకుంటా, ఆ కసి మామీద తీర్చుకుంటున్నాడు."

"ఈసారి నీళ్ళు ఎక్కువ తాగారు. బరువు పెరిగారు."

"రాక్షసులతో కొట్టుకునేవాడికి దాహం వెయ్యదూ?"

పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య నవ్వలేదు.

ఆయన ఫోన్లో ఆడే ఆ ఆటలో బొమ్మలుండవు. నల్లటి తెరమీద అక్షరాలే గోడలు, అక్షరాలే రాక్షసులు. ఈమెయిల్ అడ్రసులో ఉండే గుర్తే వీరుడు. వాడు అంతస్తులన్నీ దిగి, అడుగున ఉన్న మణిని తీసుకుని, మళ్ళీ పైకెక్కి తలుపు దాటాలి. దాటితే గెలిచినట్టు. మధ్యలో చస్తే మొదటికి.

చేతులు కడుక్కుందామని టెక్నీషియన్ బయటికి వెళ్తే, వెనకాలే కండక్టరు భార్య వచ్చింది.

"ఎంతవరకొచ్చాడమ్మాయ్? నాకా అక్షరాలు తలా తోకా తెలిసి చావవు."

"ఇంకా దిగుతున్నారు పిన్నీ."

"ఆ ఆట గెలిచిన రోజే ఈ సూదులకి ఆఖరన్నాడు. నువ్వూ విన్నావుగా, డాక్టరు ఎదురుగానే అన్నాడు. ఆయన మాటంటే మాటే. సిగరెట్లు మానేస్తానన్నాడు, ఆ పూటే పెట్టె తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఈ డయాలసిస్ మానేస్తే ఎన్నాళ్ళుంటాడో నీకు తెలుసుగా."

"తెలుసు."

"ఈయన దగ్గరపడ్డాడని నేను హడలిపోయేసరికి, ఆ మార్చేవాడెవడో ఏదో ఒకటి మారుస్తాడు. ఈయన తిట్టుకుంటూ మళ్ళీ వస్తాడు. వాడెవడోగానీ వాడి కడుపు చల్లగా ఉండాలి."

టెక్నీషియన్ కుళాయి కింద చేతులు పెట్టి నిలబడింది. కడుక్కోవడం ఎప్పుడో అయిపోయింది.

అసలు ఆట చాలా పాతది. దాని అభిమానులు ఎవరికి తోచినట్టు వాళ్ళు దాన్ని మార్చి, తమ సొంత రకాలు తయారుచేసుకుంటారు. కండక్టరు ఆడేది ఈ అమ్మాయి తయారుచేసిన రకం. నాలుగు గంటలు మంచానికి కట్టేసినట్టుందని ఆయన గొణుగుతుంటే తనే ఆయన ఫోన్లో ఎక్కించింది. తనదని చెప్పడానికి అప్పుడు సిగ్గేసింది. ఇప్పుడు చెప్పడానికి లేదు.

మధ్యాహ్నం సిబ్బంది గదిలో క్యారియరు తెరిచి, పక్కనే లాప్‌టాప్ పెట్టుకుంది. ఆటగాళ్ళు రాసినవి వరసగా ఉన్నాయి.

"పోయిన నెల గాయాలు మాన్పే మందు సగం చేశారు. ఇప్పుడు రొట్టెలు. మామీద మీకేం పగ?"

"ఇంతకంటే చక్కగా తూకం కుదిరిన ఆట లేదని పదిమందికి చెప్పాను. నా పరువు తీశారు."

"ఇన్నాళ్ళూ సంతోషంగా ఆడాను. ఇక సెలవు."

ఆఖరిది మొదటినుంచీ ఉన్నవాడు రాసింది. తప్పులు వెతికి చూపించి, ఆట ఇంత బాగా రావడానికి సాయపడినవాడు. ఆమె అతనికి జవాబు రాయడం మొదలుపెట్టి, చెరిపేసింది. ఏమని రాస్తుంది? రాక్షసుడికి ఎంత బలం, మందుకి ఎంత బలం అని రోజులతరబడి లెక్కలు వేసి కుదుర్చుకున్నది, తనచేత్తో తనే పాడుచేస్తోంది. పనిలోంచి ఇంటికి, ఇంట్లోంచి పనికి తిరిగే బతుకులో తనదంటూ ఉన్నది అదొక్కటే.

పక్క కుర్చీలో నర్సు బూట్లు విప్పి పాదాలు నొక్కుకుంటోంది. "ఆ లాప్‌టాప్‌లో ఏముందే? తిండి కూడా మానేసి చూస్తున్నావు."

"ఏం లేదక్కా."

మణిని ఇంకో అంతస్తు కిందికి జరిపింది. ఆ అంతస్తునిండా తనకి తెలిసిన అన్నిరకాల రాక్షసుల్నీ దింపింది. అన్నం చల్లారిపోయింది.

తర్వాత డయాలసిస్ రోజున కండక్టరు వస్తూనే అందుకున్నాడు.

"అంతస్తు పెంచాడమ్మా! పగలూ రాత్రీ ఇదే పనా వాడికి? పెళ్ళాం పిల్లలు లేరూ?"

"లేరేమో బాబాయ్."

"ఎలా ఉంటారు! ఇలాంటివాడికి పిల్లనెవరిస్తారు?"

తిట్టి తిట్టి అలిసిపోయి, కాసేపటికి కళ్ళు మూశాడు. ఆయన భార్య కూడా స్టూలు మీదే గోడకి తల ఆనించి కునుకుతోంది. ఫోను ఆయన పొట్టమీద నుంచి దుప్పటిమీదికి జారింది. కింద పడుతుందేమోనని టెక్నీషియన్ తీసి పట్టుకుంది.

తెర వెలుగుతూనే ఉంది. మొదటి అంతస్తు. వీరుడి సంచిలో మణి. ఎదురుగా బయటికి వెళ్ళే తలుపు. మధ్యలో ఒక్క రాక్షసుడు కూడా లేడు.

ఒక్క అడుగు.

కొత్త అంతస్తుకి కూడా దిగి వచ్చేశాడు. ఇంక మార్చడానికి ఏమీ మిగల్లేదు. పైకి ఎక్కేసినవాణ్ణి ఏ అంతస్తు ఆపుతుంది? ఏదో ఒకటి నొక్కి వీరుణ్ణి చంపెయ్యాలన్నా అక్కడ చంపేవాడు లేడు.

"ఇటియ్యి తల్లీ."

ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె ఇచ్చింది.

"ఎంతవరకొచ్చారు బాబాయ్?"

కండక్టరు తెర చూశాడు. గోడకి తల ఆనించి నోరు తెరుచుకు నిద్రపోతున్న భార్యని చూశాడు.

"ఎక్కడమ్మా, వాడు రానిస్తేగా! ఇంకా బోలెడు దూరముంది," అంటూ, బొటనవేలితో వీరుణ్ణి తలుపు దగ్గరనుంచి వెనక్కి తిప్పి, మళ్ళీ మెట్లు దింపాడు.